ఇకిమాస్ అంటే పోతన్నా

నాకు మొదట జపనీస్ నేర్పినవాడికి జపనీస్ రాదు. ఆ సంగతి నరసరావుపేటలో ఉండగానే నాకు తెలుసు. తెలిసే చేరాను, ఊళ్ళో ఇంకొకడు లేడు కాబట్టి.

పురుగుమందుల కొట్టు మీద, రెండో అంతస్తులో జరిగేది ఆ క్లాసు. కిటికీ తెరిస్తే మందుల వాసన, మూస్తే మా అందరి చెమట వాసన. సారు ఎప్పుడో వెల్డింగ్ ట్రైనింగుకని జపాన్ వెళ్ళి, గట్టిగా ఏడాది కూడా ఉండలేక తిరిగొచ్చిన మనిషి. వచ్చినప్పటి నుంచి టై కడుతున్నాడు. ఆయన్ని సారూ అనకూడదు, సెన్సేయ్ అనాలి. ఆయన గుమ్మంలో కనపడగానే అందరం లేచి నడుం వంచాలి. మేం వంగినంత సేపూ ఆయన మమ్మల్ని చూసేవాడు కాదు, గోడకి బిగించిన ఫోన్ వైపు చూసేవాడు. సాయంత్రానికి ఆ వీడియో ఆయన పేజీలో ఉండేది.

నిజానికి జపనీస్ వాక్యం మన వాక్యంలాగే నడుస్తుంది. మనం "రేపు గుంటూరుకి పోతా" అంటే, వాళ్ళూ రేపు అన్న మాట ముందే అంటారు, గుంటూరుకి "కి" లాంటి ముక్క ఒకటి తగిలిస్తారు, పోవడాన్ని చివర్లో పెడతారు. మనం "తిని చూడు" అంటే వాళ్ళూ తిని చూడమనే అంటారు. "రాసి పెట్టు" అంటే రాసి పెట్టమనే అంటారు. రొంపిచెర్లలో గొర్రెలు కాసేవాడికైనా సులువుగా ఎక్కే భాష. మా సారు దాన్ని ముందు ఇంగ్లీషులోకి మార్పించి, ఆ ఇంగ్లీషుని తోక నుంచి తలకి తిప్పించి, అప్పుడు జపనీస్ చేయించేవాడు. పక్కింట్లో దొరికే ఉప్పు కోసం గుంటూరు దాకా వెళ్ళొచ్చినట్టు ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక ఆ మాటే అన్నాను.

"తెలుగులో ఆలోచిస్తే తెలుగు మీడియం బుద్ధులే వస్తయ్యమ్మా," అన్నాడు సారు.

క్లాసంతా నవ్వింది. నవ్వినవాళ్ళలో ఇంగ్లీషులో ఒక్క వాక్యం కుదురుగా చెప్పగలిగినవాడు లేడు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది రెండు ముక్కలే. "ఇకిమాస్ అంటే గో. కిమాస్ అంటే కమ్. చానా ఈజీ. బట్టీ కొట్టండి." మిగతాదంతా ఫోన్లో నేనే చదువుకుని పరీక్ష గట్టెక్కాను. రిజల్టు వచ్చిన రోజు నా ఫోటో ఆయన పేజీలో వేసుకున్నాడు, కింద తన ఫోటో ఇంకా పెద్దది వేసుకున్నాడు.

ఇప్పుడు నేనుండే ఊరి పేరు చెప్పినా ఎవరికీ తెలియదు. టోక్యో నుంచి రెండు రైళ్ళు మారాలి. పొద్దున భాష నేర్పే స్కూలు, మధ్యాహ్నం నుంచి పని. చదువుకోవడానికి వచ్చామని ఇంట్లో చెప్పుకుంటాం. వారానికి ఇన్ని గంటలకి మించి పని చేయకూడదని ఇక్కడ నియమం ఉంది. చదువుకి అలాంటి హద్దు పెట్టలేదు, అయినా దాని జోలికి ఎవరూ పోరు.

మా స్కూలు టీచర్లు మహా మర్యాదస్తులు. గుడ్ మార్నింగ్ ఒక్కటి చెప్పగలిగితే చాలు, "జపనీస్ ఎంత బాగా మాట్లాడుతున్నారో" అంటారు. నిజంగా బాగా మాట్లాడితే ఎవరూ ఏమీ అనరు. ఈ కిటుకు తెలియక మనవైపు కుర్రాళ్ళు ఆ మెచ్చుకోలుని తలకెక్కించుకుని తిరుగుతుంటారు. డ్రింకుల మిషన్ ముందు నిలబడి "హలో ఫ్రెండ్స్" అని రీల్స్ తీస్తారు. రీల్ అయ్యాక, మిషన్ మీద రాసింది చదవలేక, కాఫీ అనుకుని మొక్కజొన్న సూపు కొనుక్కుంటారు. కొన్నాక పారేయడానికి మనసొప్పక తాగేస్తారు. అవి చూసి సత్తెనపల్లిలో ఇంకో నలుగురు పాస్‌పోర్టుకి పరిగెత్తుతారు.

నా గదిలో ఉండే అక్క ఆ బాపతు కాదు. ఆమెది వేరే రకం మొండితనం. రొంపిచెర్ల పక్క పల్లె ఆమెది. నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేసేది. నాకంటే బాగా పెద్దది. పురుగుమందుల కొట్టు మీద నా వెనక బెంచీలో కూర్చుని, నేను చెప్పిన జవాబునే నా తర్వాత గట్టిగా చెప్పి మార్కులు కొట్టేసేది. భర్త మాచర్లలో ఇంకో కాపురం పెట్టుకున్నాడు. ఇంకా బడిలో వేయని కూతురు ఉంది, అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. ఆ ఇంట్లో అందరికీ ఆధారం ఈమే.

తెలుగులో ఆలోచించమని ఆమెకి చెప్పింది నేనే. ఆలోచించడంతో ఆపితే బాగుండేది. ఆమె తెలుగు మర్యాదలన్నీ మూట కట్టుకుని తెచ్చింది. మా కింది వాటాలో ఒకావిడ ఉంటుంది. మా పోపులో మిరపకాయల ఘాటుకి తుమ్మీ తుమ్మీ, ఏ రోజు ఏ చెత్త బయట పెట్టాలో చీటీ రాసి మా తలుపుకి అంటించి పోయే మనిషి. అక్క ఆవిడని "ఒబాసాన్" అని పిలిచింది. అంటే పిన్ని. ఇక్కడ, జుట్టు నల్లగా ఉన్న ఆడమనిషిని అలా పిలవడం ముసలిదానా అన్నట్టే లెక్క. ఆవిడ మొహం గోడలా అయిపోయింది.

"పిన్నీ అంటే మొగం మాడ్చుకుంటదేందే?" అంది అక్క పైకొచ్చాక. "మేడమ్ అంటే దూరం పెట్టినట్టుండదా?"

"దూరం పెట్టమనే ఆమె అడుగుతుంది అక్కా."

"అయ్యో, అట్టా ఎవురైనా అడుగుతారా," అని నా మీద జాలిపడింది. ఆమె జాలి నాకు ఒళ్ళుమంట.

నేను పని చేసేది ఊరి చివర ఓల్డేజ్ హోంలో. వంటగదిలో ట్రేలు సర్దడం, గిన్నెలు కడగడం. కోర్సు ముగిసే ముందు అక్కకి కూడా అక్కడే ముసలివాళ్ళని చూసుకునే పని దొరికింది, కాకపోతే ముందు కొన్నాళ్ళు చూస్తామన్నారు. చూసి, నచ్చి, తీసుకుంటున్నామని హోంవాళ్ళు రాసిస్తేనే ఆమె వీసా మారుతుంది. మారితే కొన్నేళ్ళ పాటు దిగులు లేదు. పిల్లని తెచ్చుకోవడానికి మాత్రం ఆ వీసాలో వీల్లేదు. మారకపోతే తిరిగి నరసరావుపేట ఆసుపత్రి, అదే నైట్ డ్యూటీ, ఆ జీతం కోసం ఎదురు చూసే అదే ఇల్లు. ఆమె ఎందుకొచ్చిందో, ఏం పోగొట్టుకుంటుందో ఇద్దరికీ తెలుసు, దాని గురించి మాట్లాడుకునేవాళ్ళం కాదు.

పని విషయంలో ఆమెకి వంక పెట్టడానికి లేదు. మంచంలో మనిషిని నొప్పి తెలియకుండా పక్కకి తిప్పడం చూస్తే ఎవరైనా నర్సనే అంటారు. తంటా అంతా ఒక్క మాట దగ్గర వచ్చింది. అక్కడ ప్రతి మంచానికీ ఒక బెల్లు ఉంటుంది. బెల్లు మోగితే, ఎక్కడున్నవాళ్ళు అక్కడి నుంచే "ఇమా ఇకిమాస్" అని కేకేయాలి. మాటకి మాట పెడితే, ఇప్పుడే పోతన్నా అని. మాట్లాడే మనిషి తన చోటు నుంచి కదిలితే వీళ్ళ లెక్కలో అది పోవడమే, పిలిచినవాళ్ళ దగ్గరికే అయినా సరే. నరసరావుపేటలో ఎవరైనా పిలిస్తే "వస్తన్నా" అంటాం. అదే ఇక్కడ అంటే, వేరే ఎవరో వస్తున్నారని అర్థం. వాక్యం మన వాక్యంలాగే నడుస్తుందని గొప్పగా చెప్పాను కదా, ఈ ఒక్క చోట అది మనల్ని నిలువునా ముంచుతుంది.

అక్క "కిమాస్, కిమాస్" అంటూ పరిగెత్తేది. కిటికీ పక్క మంచంలో ఒక పెద్దావిడ ఉంది. కిమాస్ అన్న మాట చెవిన పడగానే, ఎవరో వస్తున్నారనుకుని ఆవిడ లేచి కూర్చునేది. దువ్వెన అడిగేది. ముత్యాల గుండీలున్న స్వెట్టర్ తీసిమ్మనేది. అక్కేమో చేతిలో డైపరుతో వచ్చి నిలబడేది. పెద్దావిడ అక్కని దాటి తలుపు వైపుకి చూస్తూ, "ఎవరొచ్చారు?" అని అడిగేది. ఒకరోజు రాత్రి భోజనం ముందు పెడితే ముట్టలేదు, వచ్చేవాళ్ళతో కలిసి తింటానంది. ఆవిడ కోసం ఎవరూ వచ్చిన జ్ఞాపకం హోంలో ఎవరికీ లేదు.

మా ఇంచార్జి నవ్వు చెరగని మనిషి. ఇక్కడ బాగా నవ్వుతున్నారంటే కొంప మునుగుతున్నట్టు. ఇద్దరినీ కూర్చోబెట్టి, టీ పోసి, అక్క పనితనాన్ని బాగా పొగిడి, చివర్న ఆ మాట గురించి చెప్పింది. నెలాఖరులోగా సరి చేసుకుంటే సంతోషమట. సరి చేసుకోకపోతే ఏమిటో చెప్పలేదు. చెప్పకపోవడమే చెప్పడం. నేను మా దేశపు అలవాటు ఇదీ అని పద్ధతిగా, వ్యాకరణంతో సహా వివరించాను. "ఓహో, చాలా ఆసక్తికరంగా ఉందే," అని తల ఊపి, ఖాళీ కప్పులు తీసుకుని వెళ్ళిపోయింది. ఆసక్తికరం అన్న మాటని చెత్తబుట్ట మూతలా వాడే మనుషులు వీళ్ళు.

గదికి వచ్చాక అక్కకి చెప్పాను, ఇంకేముంది, రేపటి నుంచి ఇకిమాస్ అను, అయిపోతుంది అని.

"నోరెట్టా వస్తదే?" అంది. "మంచంలో ఉన్న పెద్దామె పిలుస్తంటే పోతన్నా అంటానా? రేపోమాపో అన్నట్టున్న మనిషి ముందర పోయే మాటేంది?"

"అది జపనీస్ అక్కా. నువ్వనేది పోతన్నా కాదు, ఇకిమాస్."

"నాకు లోపల పోతన్నా అనే వినబడతది. నువ్వే గదా తెలుగులో ఆలోచించమన్నావు."

ఒక మాటకి ఇంత భయపడే మనిషి పొద్దస్తమానం సూదులెలా పొడిచిందో నాకు అర్థం కాలేదు. వస్తాను అనే మాట మీద నాకు మొదటి నుంచీ గౌరవం లేదు. మనవాళ్ళు నోటితో ఆడే అబద్ధాల్లోకెల్లా పెద్దది అది. నన్ను చూసుకోవడానికి వచ్చిన పెళ్ళివారు పకోడీలన్నీ తిని, గుమ్మం దిగుతూ "వస్తామండి" అన్నారు. ఒకళ్ళు కాదు, వచ్చినవాళ్ళందరూ అదే మాట అన్నారు. ఆ తర్వాత ఒక్కళ్ళూ పత్తా లేరు. మా అమ్మ మాత్రం "వస్తామన్నారుగా" అని వారాల తరబడి ఫోన్ పక్కనే కూర్చునేది. జపాన్‌లో నాకు నచ్చింది ఏదైనా ఉందంటే ఇదే, పోయేవాడు పోతున్నానని చెప్తాడు.

ఇదంతా అక్కకి చెప్పాను. చెప్పి, నోటికి అలవాటు చేయడం మొదలుపెట్టాను. పద్ధతి చాలా సులువు. నేను వంట దగ్గర నుంచి తెలుగులోనే పిలుస్తాను, "అక్కా, ఇటు రా" అని. ఆమె తెలుగులోనే "పోతన్నా" అనాలి. అలా తెలుగు మాటే తిరగబడితే జపనీస్ దానంతటదే దారికొస్తుంది. వస్తన్నా అంటే మళ్ళీ వెనక్కి వెళ్ళి కూర్చోవాలి, నేను మళ్ళీ పిలుస్తాను.

మొదట్లో పోతన్నా అనాల్సి వచ్చినప్పుడల్లా "ప్రభువా, మాట వరసకే" అని గొణిగి అప్పుడు అనేది. ప్రభువు కూడా ఇకిమాసే అంటాడు, ఇది జపాను అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోయినా, పిలిస్తే మాత్రం "పోతన్నా" అని పళ్ళ బిగువున అనేది. ఉద్యోగం ఆమెకి అంత అవసరం. తర్వాత గొణుగుడు పోయింది. ఆ తర్వాత పళ్ళ బిగువు కూడా పోయింది. ప్రతిసారీ అనేసి నా మొహం చూసేది, సరిగ్గా అన్నానా అని. నేను తల ఊపేదాన్ని. సూపర్ మార్కెట్లో కోడిగుడ్ల దగ్గర నిలబడి "అక్కా, ఇటు రా" అని పిలిస్తే, కూరగాయల దగ్గర నుంచి "పోతన్నా" అని కేకేసి, తానే పకపకా నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళు మర్యాదగా మాకు దూరం జరిగారు. నాకు ఆ పూట గర్వంగానే ఉంది. సెన్సేయ్ టై కట్టుకుని కూడా చేయలేని పని కోడిగుడ్ల అట్టతో నేను చేశాను.

హోంలో అంతా సర్దుకుంది. బెల్లు మోగితే అక్క "ఇమా ఇకిమాస్" అని గంట కొట్టినట్టు అనేది. కిటికీ పక్క పెద్దావిడ లేచి కూర్చోవడం మానేసింది. దువ్వెన అడగడం కూడా మానేసింది. ఆ స్వెట్టర్ మడిచి బీరువాలో పెట్టేశారు.

"ఇప్పుడు చాలా ప్రశాంతంగా ఉంటున్నారు," అంది ఇంచార్జి, ఎప్పటి నవ్వుతోనే.

ప్రశాంతం. ఎవరి కోసమూ ఎదురు చూడని ముసలావిడ అంటే వీళ్ళకి అంత హాయి. అక్క ఆ మాట విని తల దించుకుంది. నేను అడిగితే, ఏం లేదులే అంది. నెలాఖరున ఆమెని తీసుకుంటున్నట్టు కాగితం ఇచ్చారు, దాంతో పాటు ఒక చిన్న పూలకుండీ కూడా ఇచ్చారు. పూలు తెల్లవి, మా ఊళ్ళో అయితే శవం మీద కప్పే గుడ్డ రంగు.

ఆ ఆదివారం సాయంత్రం అక్క వాళ్ళ ఇంటికి వీడియో కాల్ చేసింది. ఫోన్‌ని రైస్ కుక్కర్‌కి ఆనించి పెట్టి, కింద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. నేను పొయ్యి దగ్గర నూనె కాగే దాకా నిలబడి ఉన్నాను. వాళ్ళమ్మకి సంగతి చెప్పింది, ఉద్యోగం ఖాయమైంది, కాగితం ఇచ్చారు అని. ఆ పెద్దామె కళ్ళు తుడుచుకుని, దేవుడికి స్తోత్రం చెప్పి, ఫోన్ పిల్లకిచ్చేసింది.

పిల్ల ఫోన్ పట్టుకుని వాకిట్లోకి పరిగెత్తింది. ట్రాక్టర్ ట్రక్కు కింద కుక్క పిల్లలు పెట్టిందట. ఫోన్‌ని ఒక ఇటుకకి ఆనించి, తాను ట్రక్కు కిందకి దూరింది. మాకు ట్రక్కు చక్రం, ఆ పిల్ల అరికాళ్ళు మాత్రం కనపడుతున్నాయి.

"అమ్మా, ఇటు రామ్మా," అంది లోపల నుంచి. "ఇటొచ్చి చూడు. కళ్ళు కూడా తెరవలా. అమ్మా, రా."

"పోతన్నా," అంది అక్క, ఉల్లిపాయ మీద నుంచి తల ఎత్తకుండానే.

అనేసి, అలవాటుగా నా వైపు చూసింది. నేను అలవాటుగా తల ఊపాను.

అరికాళ్ళు కదలడం ఆగిపోయింది. పిల్ల వెనక్కి పాకి వచ్చి, ఫోన్‌ని చేతిలోకి తీసుకుంది. తెర నిండా మొహమే. మోకాలి మట్టి చెంపకి కూడా అంటుకుని ఉంది.

"యాడికి?" అంది.

తల ఊపిన నా మెడ మీద నాకే అసహ్యం వేసింది. ఏదో ఒకటి అనాలనుకున్నాను. పెళ్ళివారి గురించీ, పోవడం రావడం గురించీ, మన వ్యాకరణం గురించీ నేను పోగేసుకున్న తెలివిలో ఆ పిల్లకి చెప్పదగింది ఒక్క ముక్క లేదు.

"అమ్మా, యాడికి పోతన్నావ్?"

అక్క కత్తి కింద పెట్టి, ఫోన్‌ని రెండు చేతులతో మొహం దగ్గరికి తెచ్చుకుంది.

"యాడికీ పోనమ్మా," అంది. "ఈడే ఉంటా."

అక్క ఫోన్ పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోయింది. నూనె పొగలొస్తోంది. నేను వెళ్ళి పొయ్యి ఆపేశాను.